పుస్తకంలో రాయని దెబ్బ

ఆ చిన్న విమానం రన్‌వే మీద దిగలేదు, పడింది. దబ్బున పడి, రెండుసార్లు ఎగిరిపడి, మూడోసారికి నిలదొక్కుకుంది.

యజమాని మాత్రం ఘనకార్యం చేసినవాడిలా ఛాతీ విరుచుకుని దిగాడు.

"ఎలా ఉందయ్యా మన ల్యాండింగ్?"

"బ్రహ్మాండం సార్," అన్నాడు మెకానిక్. తన మాటకు తనకే రోత పుట్టింది.

"గట్టిగా తగిలిందని తనిఖీ పుస్తకంలో రాయకు. సాయంత్రం మా అమ్మాయి ఎగరాలి."

రాస్తే చక్రాలు విప్పి చూడాలి. దానికి రోజంతా పడుతుంది. పైగా అయ్యగారికి విమానం దించడం రాదని నలుగురికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత మెకానిక్ ఉద్యోగం ఊడటం ఖాయం.

"ఎడమ చక్రం పైన కడ్డీ చూడు బాబూ."

రోజూ కంచె అవతల కూర్చుని విమానాలు చూసే ముసలివాడు. మాసిన గడ్డం, కంపు కొట్టే కోటు. ఎప్పుడు దూరాడో, విమానం కింద వెల్లకిలా పడుకుని కడ్డీ తడుముతున్నాడు.

"ఛీ! లే అక్కణ్ణుంచి!"

"పగులుంది. వేలికి తగులుతోంది. ఒక్కసారి నువ్వూ..."

"నాకే పని నేర్పుతావా? నడువ్!"

మెకానిక్ అతని కాలర్ పట్టుకుని గేటు బయటికి నెట్టాడు. వచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. 'తనిఖీ చేశాను, అంతా బాగుంది' అని రాసి సంతకం గీకేశాడు.

సాయంత్రం అమ్మాయి ఎంతో నేర్పుగా దించింది. అయినా నేల తాకగానే ఎడమ చక్రం విరిగింది. విమానం పల్టీ కొట్టి అంటుకుంది.

అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. కంచె దూకి పరిగెత్తింది ముసలివాడొక్కడే. అమ్మాయిని బయటికి తోసేశాడు. తను మాత్రం రాలేకపోయాడు.

ఆసుపత్రి వరండాలో యజమాని మెకానిక్‌ని పక్కకి పిలిచాడు.

"అమ్మాయికి ప్రాణభయం లేదన్నారు. ఆ పిచ్చోడే కింద దూరి ఏదో చేశాడని చెప్పెయ్. నీకూ మంచిది, నాకూ మంచిది."

ఆ మనిషిని చూస్తే మెకానిక్‌కి అసహ్యం. తనని తలుచుకుంటే అంతకు పదింతలు.

ముసలివాడి భార్య కబురు విని వచ్చి బెంచీ మీద కూర్చుంది. మెకానిక్ వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. చూడకుండా సంతకం పెట్టాను."

ఆవిడ తలెత్తి అతని చేతుల వంక చూసింది.

"ఆయనా నీలాంటి మెకానిక్కే నాయనా. ఒకసారి అలాగే చూడకుండా సంతకం పెట్టాడు. ఆ రోజు విమానం నడిపింది మా అమ్మాయి."