అద్దం మీద ఆవిరి

డైవింగ్ స్కూల్లో సిలిండర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మకు ఆ రాత్రి కాళ్లు నేల మీద నిలవడం లేదు. తెల్లారితే కూతురు వీటిలో ఒకటి వీపుకు కట్టుకుని మొదటిసారి సముద్రంలోకి దిగుతుంది. అందుకే పన్నెండు అల్యూమినియం సిలిండర్లనూ ఆమె గొంతెత్తి పాడుకుంటూనే చూస్తోంది. గాలి ఖాళీ చేసి, వాల్వ్ విప్పి, లోపలికి దీపం దించి, మెడలో పగుళ్లేమైనా ఉన్నాయేమోనని చిన్న అద్దం పెట్టి వెతుకుతోంది. పాడే నోటి ఆవిరికి అద్దం మసకబారినప్పుడల్లా తుడిచేస్తోంది.

"అమ్మా, పాట ఆపి పని చూడవే! నవ్వలేక చస్తున్నా," అంది కూతురు, పాసైన పదకొండింటికీ స్టిక్కర్లు అంటిస్తూ.

"నువ్వు సముద్రంలోకి దిగుతుంటే పాడక ఏడవమంటావా? సరేలే, ఈ ఆఖరిదానికి నోరు మూసుకుంటా."

నిజంగానే మూసుకుంది. గదిలో చడీచప్పుడూ లేదు. సిలిండర్ మెడలో పగుళ్లు లేవు. అంతలో అద్దం మసకబారింది.

తుడిచి, ఈసారి ఊపిరి కూడా బిగబట్టి మళ్లీ లోపల పెట్టింది. అద్దం మసకబారింది, తేటపడింది, మళ్లీ మసకబారింది. లోపలెవరో హాయిగా నిద్రపోతున్నట్టు.

దీపం వెలుగులో అడుగు దాకా ఖాళీ.

ఆమె మెల్లగా తలెత్తి, పాసైన పదకొండింటి వైపు చూసింది. ఒక్కోదానికీ అద్దం ఎన్నిసార్లు తుడిచిందో గుర్తొచ్చింది.

కూతురు అప్పటికే వాటిలో ఒకదాన్ని పసిపాపలా గుండెకు హత్తుకుంది. "అమ్మా, నాకిదే కావాలి! పట్టుకుని చూడు, ఎంత వెచ్చగా ఉందో!"