పిండి తాగినవాళ్లు

"మా ప్రోటీన్ పొడి తాగినవాళ్ల బలం పదో వంతు పెరిగింది కదా మేడమ్, అంతే రాయండి," అన్నాడు కంపెనీ మేనేజరు.

"పొడి పేరుతో ఉత్త పిండి తాగినవాళ్లకీ అంతే పెరిగిందండీ. రెండు జట్లూ మూడు నెలలు బరువులెత్తాయి. ఆ బలం కసరత్తుది, మీ డబ్బాది కాదు," అంది పరిశోధకురాలు, మూడోసారి.

"ఆ పిండి సంగతి తీసేస్తే పోలా?"

ఆమె మళ్లీ చెప్పబోతుండగా అతని ఫోన్ మోగింది.

"ఒరేయ్, మన డబ్బా ముట్టుకున్నావంటే చంపుతా! రెండు గుడ్లు తిని గ్రౌండ్‌కి పో," అని కొడుకుని కసిరి ఫోన్ పెట్టేశాడు.

ఇంతసేపూ చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నాననుకుందామె. కానీ ఈయనకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

రెండు జట్ల అంకెలూ ఉన్న నివేదిక మీద సంతకం పెట్టి అతని ముందుకు తోసింది.

"మీ అబ్బాయికి మీరు చెప్పిందే రాశాను. తీసుకెళ్లండి."