మేకకిచ్చిన ఆకు

"నెయ్యి ఎయ్యలే అక్కా, నూనె పోపే" అంటూ పక్కింటి నజ్‌నీన్ గోడ మీదుగా పప్పు గిన్నె అందించింది.

తూంకుంటలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి పాలూ నెయ్యీ మానేసి భూగోళాన్ని కాపాడుతున్న స్రవంతి, విదేశం నుంచి విమానమెక్కి వచ్చిన అవకాడో పండు ఒక్కటే పొద్దున తిని ఉంది. నిలబడే గిన్నె ఊడ్చేసింది.

"మస్తుగుంది. ఏం ఆకేసినవ్? ఏ యాప్‌ల దొరుకుతది?"

"గంగవాయిలి కూర. పొద్దుగాల మీ కుండీలల్ల గడ్డి అని పీకి, మా మేకకెయ్యమని మీరిచ్చిందే."

స్రవంతి మూతి తుడుచుకుంది. అయినా గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించి, కుండీలో బిడ్డలా సాకిన కేల్ అనే విదేశీ ఆకుకూరంతా కోసి, గిన్నె నిండుగా పెట్టి ఇచ్చింది.

నజ్‌నీన్ ఓ ఆకు తుంచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"గిది మేకకా, అక్కా?" మర్యాదగానే అడిగింది.

స్రవంతి బోసిపోయిన కుండీ వైపు చూసింది.

"ఆఁ, మేకకే."