నెమరులో ఫస్టు

సలోమోను ఫోను మళ్ళీ ఎర్రబడింది. "మీ ఆవుకు ఎండ తగులుతోంది. నెమరు తక్కువ. గ్యాసు ఎక్కువ."

"ఆ ముక్క చెప్పడానికి ఫోనెందుకు? బయటికి వేలాడే నాలుక కనపడట్లేదా?" అంది భార్య రోజీ.

పాలకేంద్రం వాళ్ళు ఊళ్ళో ఆవుల మెడలకి పట్టీలు ఇచ్చి వెళ్ళారు. ఎంతసేపు నెమరేసింది, ఎంత గ్యాసు వదిలింది, ఎండకి ఎంత రొప్పింది, అన్నీ పసిగట్టి ఆ పట్టీ ఫోనుకి మోసేస్తుంది. నెలాఖరుకి ఫస్టొచ్చిన ఆవు పాకలో నీళ్ళు చిమ్మే పెద్ద ఫ్యాను ఉచితంగా బిగిస్తారు.

నూజివీడు ఎండలకి సోలిపోతున్న తన జెర్సీని చూసినప్పుడల్లా సలోమోను ప్రాణం ఆ ఫ్యాను మీదికే పోతోంది.

కానీ ఫోనులో చూస్తే రోజూ ఫస్టు జోజిబాబు ఆవే! రాలిన మామిడికాయలు తిని తిరిగే ఆ బక్క ఆవుకి అంత నెమరెక్కడిది? ఉండబట్టలేక వెళ్ళి అడిగాడు.

జోజిబాబు అరుగు మీద కూర్చుని చిన్నరసం మామిడిపండు పీలుస్తున్నాడు. లోపల టీవీ సీరియల్లో ఎవరో గుండెలు బాదుకుంటున్నారు.

"బావా, నిజం చెప్పు. ఏం పెడుతున్నావు?"

"ఆకు. కాస్త సున్నం."

"సున్నమా?"

"అదే కిటుకు. ఇక దవడ ఆగితే ఒట్టు!"

"మరి ఎండకి?"

"ఎదురుగా కూలరు. సీరియల్ పెట్టామంటే ఇంకా ప్రశాంతం. కదలదు, మెదలదు."

"ఒక్కసారి చూపించవా?"

"ఇప్పుడా? లోపల మా అత్తగారు కునుకు తీస్తోంది. లేచిందంటే ఇద్దరికీ వాయించేస్తుంది."

ఆ సాయంత్రమే సలోమోను ఇంట్లో కూలరు పాకలోకి నడిచింది. దాని వెనకే టీవీ. "చల్లగా ఉన్నచోటే నా కాపురం" అని రోజీ దిండు చంకన పెట్టుకుని తనూ పాకలోకి మారిపోయింది.

ఆకుల్లో సున్నం కలిపితే ఆవు ఒక్క తుమ్ము తుమ్మింది. సలోమోను మీసాలు తెల్లబడ్డాయి. సీరియల్లో అత్త అరిచినప్పుడల్లా ఆవు బెదిరి తాడు పీక్కునేది. ఫోను ఎరుపు దిగలేదు.

నెలాఖరున పాలకేంద్రం సూపర్‌వైజరు రవిచంద్ర ఆటోలో ఫ్యాను వేసుకుని జోజిబాబు ఇంటికొచ్చాడు. ఆశ చావని సలోమోను వెంటపడ్డాడు. పెరట్లో మామిడి నీడన ఆవు తోకతో ఈగలు తోలుకుంటోంది.

"బావా, దీని మెడ బోసిగా ఉందేంటి?" అన్నాడు సలోమోను.

"పట్టీ ఏదండీ? బ్యాటరీ మార్చాలి" అన్నాడు రవిచంద్ర.

జోజిబాబు తల గోక్కుంటూ గదిలోకి వేలు చూపించాడు.

కూలరుకి ఎదురుగా పడక్కుర్చీలో తమలపాకులు నములుతున్న అత్తగారు ఇన్నమ్మ, సీరియల్ మీంచి చూపు తిప్పకుండానే, మెడకున్న పట్టీని రెండు చేతులా అదిమి పట్టుకుని, "మెడనొప్పికని మా అల్లుడు తెచ్చిపెట్టాడు నాయనా, చచ్చినా విప్పను!" అంది.