కదలని ఇంటూ గుర్తు

టైపిస్టు సీట్లో కూర్చున్న సూపరింటెండెంటు, కంప్యూటరు తెర పైన కుడి మూల ఉన్న ఇంటూ గుర్తు మీద ఇరవయ్యోసారి నొక్కాడు. ఫైలు మూసుకోలేదు. దాని పక్కనున్న చిన్న గీత మీద నొక్కాడు. కిందికి దిగలేదు. ప్రింటు గుర్తు మీద నొక్కాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉంది.

తెర మీద మాత్రం పెద్ద అక్షరాలతో కనిపిస్తూనే ఉంది: "ఈ ఏడాది మా సెక్షన్ చేసిన పని – నివేదిక". నలభై పేజీల ఆ నివేదిక పదకొండింటికల్లా హెడ్డాఫీసు కారెక్కాలి. ఎక్కకపోతే ఈ సెక్షన్‌లో పనే లేదని తేల్చేసి ఎనిమిది సీట్లూ, వాటితోపాటు ఆయన గాజు గదీ ఎత్తేస్తారు. ఆ మాట నిన్ననే కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు.

టైపిస్టు అమ్మాయి సెలవు పెట్టి పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంది. ఫోనెత్తదు. నాలుగు రోజులుగా గాజులోంచి ఎప్పుడు చూసినా ఆమె తెర మీద ఈ నివేదికే. అందుకే అయిపోయిందా అని ఆయన అడగను కూడా లేదు.

తెర కింది మూల చూశాడు. పదీ అయిదు. ఫరవాలేదు, ఇంకా యాభై అయిదు నిమిషాలుంది. హాల్లో వేరే గడియారం లేదు. ఉంటే జనం దాన్నే చూస్తూ కూర్చుంటారని ఆయనే తీయించాడు. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పడేసి రావాలన్నదీ ఆయన రూలే. వీటన్నిటికన్నా గట్టి రూలు ఇంకోటుంది. ఆయన చూసే వేళకి ఎవరి తెరా ఖాళీగా ఉండకూడదు.

"ఎవరైనా ఒకసారి వచ్చి చూడండయ్యా" అన్నాడు.

మిగతా ఏడుగురూ తమ తెరల్లోకి ఇంకాస్త వంగారు. ఇంత హడావిడిలోనూ పని వదలని ఆ శ్రద్ధ చూసి ఆయన మనసు పొంగింది. ఇలాంటివాళ్ళ పొట్ట కొట్టనివ్వకూడదనుకుంటూ, వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే బావమరిదికి ఆఫీసు ఫోన్లోంచి కలిపాడు.

"ఒరేయ్, ఫైలు బిగుసుకుపోయింది. ఏ బటనూ పలకడం లేదు."

"మౌసు బాణం కదులుతోందా బావా?"

"అదొక్కటే కదులుతోంది."

"ఏదో చిన్న బాక్సు వెనకాల నక్కి ఉంటుంది. దానికి అవుననో కాదనో చెప్పేదాకా మిగతావన్నీ మొరాయిస్తాయి. ఎంటర్ కొట్టు."

"కొట్టా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మీ అక్క అలిగినా ఇంతకంటే నయం."

"మౌసు వైరు పీకి మళ్ళీ పెట్టు."

ఆయన టేబుల్ కింద దూరి వైరు పీకి పెట్టాడు. లేచేటప్పుడు అంచు తగిలి తల బొప్పి కట్టింది. ఇంటూ గుర్తు అలాగే ఉంది.

"అయితే ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యి."

"నీ మొహం. ఆ పిల్ల సేవ్ చేసిందో లేదో తెలీదు. ఆపితే నలభై పేజీలూ గాల్లో కలిసిపోతాయి. ఎనిమిది కుటుంబాలురా. నువ్వే రా, తొందరగా."

ఫోను పెట్టేసి తెర మూల చూశాడు. పదీ అయిదే. గడియారం కూడా బిగుసుకుపోయింది. అయితే అసలు టైమెంత?

"టైమెంతయింది?" అని హాలంతా వినపడేలా అడిగాడు.

ఏడుగురూ ఎవరి తెర మూలకి వాళ్ళు చూశారు.

"సీనియర్ అసిస్టెంటుగారూ, మిమ్మల్నే."

"చూస్తున్నా సార్" అంటూ ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎంతకీ తుడవడం అవలేదు. ఆయన కాలుగాలిన పిల్లిలా కుర్చీ చుట్టూ తిరిగాడు.

బావమరిది రొప్పుతూ వచ్చాడు. చేతి గడియారం చూసుకున్నాడు. "పదీ నలభై బావా. హెడ్డాఫీసు కారు కింద ఆగి ఉంది."

కూర్చుని ఇంటూ నొక్కాడు, గీత నొక్కాడు. ముఖం తెరకి దగ్గరగా పెట్టాడు.

"టైపు చేసేచోట చిన్న గీత మినుకుమినుకుమంటూ ఉండాలే. ఇది మినుకుమనడం లేదేం?"

పేజీ మధ్యలో మౌసు కుడి బటన్ నొక్కాడు. చిన్న పట్టీ ఒకటి తెరుచుకుంది. అందులోది చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమిట్రా? వైరసా?"

"బటన్లు పాడవలేదు బావా. అసలివి బటన్లే కావు. ఫైలు తెరిచి పెట్టి, తెరని ఫోటో తీసి, దాన్నే వాల్‌పేపరుగా అంటించి, కింద అసలు గడియారం ఉండే పట్టీని దాచేశారు. ఇందాకట్నుంచీ నువ్వు గోడ మీద గీసిన తలుపు తడుతున్నావు."

"మరి నివేదిక?"

బావమరిది వెతికి అసలు ఫైలు తెరిచాడు. పైన ఆ పేరుంది. దాని కింద తెల్ల పేజీ.

సూపరింటెండెంటు నుదుటి చెమట తుడుచుకున్నాడు. కోపం తర్వాత పడొచ్చు. ఇరవై నిమిషాలుంది, ఏడుగురు మనుషులున్నారు. తలా రెండు పేజీలు కొట్టినా పద్నాలుగవుతాయి, గండం గడుస్తుంది.

"అందరూ చేస్తున్న పని ఆపండి" అన్నాడు. "ఆ ఫైళ్ళు మూసేసి, ఈ ఏడాది ఎవరేం చేశారో తలా రెండు పేజీలు కొట్టండి."

ఎవరూ మూయలేదు. చేతులు మౌసుల మీదే ఉన్నాయి.

ఆయన మెల్లగా వరస వెంట నడిచాడు. మొదటి తెర మూల తొమ్మిదీ పది. రెండోదాని మీద మధ్యాహ్నం మూడున్నర. మూడోదాని మీద పన్నెండుంపావు. ఆయన ఆగలేదు, చివరిదాకా నడిచాడు. చివరి సీట్లో సీనియర్ అసిస్టెంటుగారి తెర మీద మాత్రం సరిగ్గా పదీ నలభై రెండు, దాని కింద పోయినేడాది తేదీ.