వద్దన్న మాస్టారు

శ్రావణమాసంలో చనిపోయిన గురునాథం మాస్టారు, కార్తీకంలో ఆ ఉదయం, జయదేవ్ రాసిన కోడ్‌ను 'వద్దు' అని తిప్పికొట్టారు.

సంగతి బయటపడగానే రచన గుంటూరు నుంచి కారేసుకుని చిలకలూరిపేట వచ్చేసింది. జిన్నింగ్ మిల్లు వెనక మేడమీద గది. తలుపు తీసిన జయదేవ్ జుట్టంతా పత్తి నూగు. లోపల మంచం, కంప్యూటరు, ఒకే ఒక్క కుర్చీ.

"కూర్చోండి," అని ఆ కుర్చీ జరిపాడు.

"కూర్చోడానికి రాలేదండీ. మాస్టారి ఆన్‌లైన్ ఖాతాలో దొంగ దూరాడు. మీకు చీమ కుట్టినట్టయినా లేదేంటి?"



'దారం' అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషకు కంపైలర్‌ను చూసుకునేది జయదేవ్, మాస్టారు ఇద్దరే. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం నడిపేలా మార్చేది ఆ కంపైలరే. అందులో ఏ మార్పు కావాలన్నా జయదేవ్ రాయాలి, అద్దంకిలో ఉండే రిటైర్డ్ లెక్కల లెక్చరర్ గురునాథం చదివి 'సరే' అనాలి. రెండో మనిషి సరే అననిదే ఒక్క అక్షరం కూడా లోపలికి పోదు. అది వాళ్ల నియమం.

గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి బస్తాలను చల్లగా ఉంచే ప్రోగ్రామును రచన ఆ భాషలోనే రాసింది. కంపైలర్‌లో ఉన్న తప్పు వల్ల అది ఉన్నట్టుండి ఆగిపోతోంది. జయదేవ్ సవరణ రాశాడు. మాస్టారు వద్దన్నారు. మళ్లీ రాశాడు. మళ్లీ వద్దన్నారు. ఆయన్నే బతిమాలుకుందామని ఆ ఉదయం రచన అద్దంకికి ఫోన్ చేస్తే, "శ్రావణంలోనే పోయారమ్మా," అంది ఆయన భార్య బాలత్రిపురసుందరి.

"మాస్టారు పోయారని మీకు తెలుసా?" అంది రచన.

"తెలుసు. పాడె మోశాను."

"తెలిసీ ఆ దొంగ రాసేవాటికి జవాబులిస్తున్నారా?"

"ప్రశ్నలు సబబుగా ఉన్నాయండీ. ఎవరడిగితే ఏం?"

"ఎవరడిగితే ఏమా! అక్కడ మా వాచ్‌మన్ బుడే నిద్ర మానుకుని చేత్తో స్విచ్‌లు వేస్తున్నాడు. ఒక్కరోజు ఆదమరిచాడంటే రైతుల సరుకంతా బూజు పడుతుంది. సాయంత్రంలోగా తేలకపోతే మా ఆఫీసు మీ భాషనే వదిలేస్తుంది. తర్వాత దీన్ని వాడేవాళ్లు ఎవరూ ఉండరు. తెలుసా?"

జయదేవ్ మొహం పాలిపోయింది. రచన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

"మీ మీద నాకు అనుమానం లేదు. తన కోడ్‌ను తనే తిప్పికొట్టుకునే పిచ్చివాడు ఉండడు. మీరంటే గిట్టనివాడెవడో చేస్తున్నాడు. ఎవరు?"

"గిట్టకపోవడానికి ముందు నన్ను ఎరిగి ఉండాలి కదండీ. ఇక్కడికి గ్యాస్ బండ తెచ్చే దానయ్య తప్ప ఎవరూ రారు."

ఆమె తెర మీది మాటలు పైకి చదివింది. "'ఏరా జయదేవ్, ఖాళీ జాబితా ఇస్తే నీ ఫంక్షన్ ఏం చేస్తుందిరా? గోడకేసి తల కొట్టుకుంటుందా? మళ్లీ రాయి.' అచ్చం మాస్టారే!" ఇంకా కిందికి వెళ్లింది. "ఇదేంటి? 'ఇవాళ నీ కోడ్ నీరసంగా ఉంది. ముందు అన్నం తిని రా.' ఏ దొంగైనా అన్నం తినమంటాడా?"

జయదేవ్ కిటికీలోంచి కింద పత్తి దింపుతున్న ట్రాక్టర్ల వైపు చూస్తున్నాడు.

"మీరు ఎవర్నో కాపాడుతున్నారు," అంది రచన. ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. "అమ్మా, ఉదయం చేసిన రచననండీ. మాస్టారి కంప్యూటర్ ఇప్పుడు ఎవరు వాడుతున్నారు?"

"ఎవరు వాడతారమ్మా? బీరువాలో పెట్టి తాళం వేశాను. దాన్ని చూస్తేనే దుఃఖం ఆగట్లా."

"ఆయన పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"ఆయనకే గుర్తుండి చచ్చేది కాదు తల్లీ! మర్చిపోయినప్పుడల్లా ఆ చిలకలూరిపేట అబ్బాయికి ఫోన్ చేసి 'ఏరా, నా తాళమేంట్రా' అని అడిగేవారు. ఇంతకీ ఆ అబ్బాయి ఎట్లా ఉన్నాడు? కర్మల రోజున కూడా మెతుకు ముట్టలేదు."

రచన ఫోన్ పెట్టేసి మెల్లగా వెనక్కి తిరిగింది.

"మీరా!"

జయదేవ్ తల దించుకున్నాడు.

"నాకు అర్థం కావట్లేదండీ. ఖాతా మీ చేతుల్లోనే ఉంది. నియమం తప్పాలనుకుంటే మీ కోడ్‌కు మీరే 'సరే' కొట్టుకుని ఊరుకునేవారు. అదైనా చెయ్యలేదు. మీరే రాసి, మీరే తప్పులు పట్టి, మీరే తిట్టుకుని, బాగున్న సవరణను కూడా ఇన్నాళ్లు ఆపేశారు. ఎందుకండీ?"

అతను మంచం అంచున కూర్చున్నాడు. 

"తప్పు నాదేనండీ. మీ కోసం రాసిన సవరణ మొదటిసారే బాగుంది. మాస్టారి పేరుతో 'సరే' అని కొట్టబోయాను, చెయ్యి రాలేదు. సరే అన్నారంటే మా మాటలు అక్కడితో అయిపోతాయి. వద్దంటేనే కదండీ, మర్నాడు మళ్లీ మాట్లాడతారు."