బెడ్ రెస్టులో పాదయాత్ర

నొప్పి ఒంట్లో ఎక్కడ పుట్టాలో తేల్చుకోవడానికి ఆ భార్యాభర్తలకి రెండు సాయంత్రాలు పట్టింది. మోకాలంటే ఎక్స్‌రే అడుగుతారు. జ్వరమంటే మూడో రోజుకల్లా ఇంకా తగ్గలేదా అంటారు. చివరికి నడుం దగ్గర రాజీ పడ్డారు. నడుం నొప్పి ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ కనపడదు.

ఆయన బస్సు డ్రైవరు. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు ఇరవై రోజులు కళ్లు తెరవకుండా పడుకుంటే, పిల్ల లేస్తే పండక్కి ఇద్దరం క్షేత్రం దాకా నడిచి వస్తామని భార్య మొక్కుకుంది. పిల్ల లేచింది, ఆరో క్లాసుకీ వచ్చింది. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పండక్కి స్పెషల్ బస్సులు వేస్తారు, డిపోలో డ్రైవర్లెవరికీ సెలవివ్వరు. తొమ్మిదేళ్లుగా జనాన్ని ఆ క్షేత్రానికి చేరవేస్తున్నది ఆయనే, దిగి లోపలికి వెళ్లి రావడానికి పది నిమిషాలు దొరకనిదీ ఆయనకే. ఈ మధ్య పిల్ల కాస్త దగ్గినా భార్య ఆయన వంక అదోలా చూస్తోంది.

మూడు వారాలు మంచం దిగకూడదని తెలిసిన డాక్టరొకాయన రాసిచ్చాడు. ఆ కాగితం డిపోకి పంపిన రోజు నుంచే డ్రైవరు నడక సాధన మొదలుపెట్టాడు. వీధిలో తిరిగితే కొంప మునుగుతుంది. అందుకని కొత్త బూట్లేసుకుని పడగ్గది నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి పడగ్గది దాకా, రోజుకి మూడు గంటలు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో ఈ చప్పుడేమిటని కింద వాటాలో ఉండే ఇంటావిడ అడిగింది. ఆయనకి చాకిరీ చేస్తూ తిరుగుతున్నది తనేనని భార్య చెప్పింది. ఇంటావిడ జాలిపడి ఆ పూట కూర పంపింది.

ఏ రోజు ఎంత దూరం నడవాలో, ఎక్కడ మజిలీ చేయాలో, ఏ మలుపులో నీడ ఉంటుందో ఆయనకి కొట్టిన పిండి. భయమల్లా ఒక్కరి గురించే. డిపోలో దొంగ సెలవులు పట్టుకునే విజిలెన్స్ ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. జ్వరమని సెలవు పెట్టినవాళ్ల ఇంటికి పళ్లు పట్టుకుని పరామర్శకి వస్తాడు. ఒక కండక్టరు బామ్మ ఇప్పటికి ఎన్నిసార్లు పోయిందో పాత కాగితాలన్నీ తిరగేసి బయటపెట్టింది ఆయనే. డ్రైవరు మీద ఇప్పటికే రెండు మెమోలున్నాయి. మూడోది వచ్చిందంటే ఉద్యోగం ఊడినట్టే.

"అంత జనంలో మిమ్మల్ని ఎవరు చూస్తారండీ" అంది భార్య. పిల్లని అక్కగారింట్లో వదిలి, పొరుగూళ్లో వైద్యమని అందరికీ చెప్పి, ఇద్దరూ బయలుదేరారు.

రెండు రోజులు హాయిగా నడిచారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వరసలో నిలబడి డ్రైవరు యథాలాపంగా తల తిప్పాడు. ఇరవై మంది వెనక భూతద్దం. మాసిన చొక్కా, తలకి తుండు. ఈయన చూపు పడీ పడగానే ఫోను తీసి మొహానికి అడ్డంగా ఎత్తాడు.

"ఫొటో తీశాడే" అన్నాడు డ్రైవరు. ఇద్దరూ తినకుండానే అక్కణ్ణించి జారుకున్నారు.

ఇక యాత్రంతా దొంగా పోలీసు ఆటయిపోయింది. ఆయన్ని ముందుకు పోనిద్దామని డ్రైవరు చెట్టు కింద కూలబడితే, వంద గజాల వెనక ఆయనా కూలబడ్డాడు. రోడ్డు వదిలి కాలవగట్టు పట్టుకుంటే, గంట తిరక్కుండా ఆ గట్టు మీదే తేలాడు. ఐదో రోజు మజిలీలో మంచినీళ్లు పోసే పెద్దాయన వచ్చి, తలకి తుండు కట్టుకున్నాయన ఎవరో మీరు ఏ గుడారంలో దిగారని అడిగితే చూపించానని ఎంతో సంతోషంగా చెప్పాడు. కనీసం రోగిలాగైనా కనపడదామని డ్రైవరు ఒక కర్ర కొని వంగి నడవడం మొదలుపెట్టాడు. వంగి వంగి ఆరో రోజుకి నడుం నిజంగానే పట్టేసింది.

క్షేత్రం ఇంక ఒక్క పూట నడకలో ఉంది. అక్కడ భార్య ఆగిపోయింది.

"ఏవండీ, ఇలా దాక్కుంటూ నడిస్తే మొక్కు తీరినట్టేనా? వెళ్లి ఆయన కాళ్లు పట్టుకోండి. పిల్ల సంగతి చెప్పండి. ఆయనా మనిషే కదా."

ఉద్యోగం పోతే పోయిందనుకోవడం మాటలు కాదు. ఇల్లు గడవాలి, పిల్ల చదవాలి. కానీ తొమ్మిదేళ్లు ఎదురుచూసి వెళ్లి అక్కడ దొంగలా నిలబడటం ఆయనకి అంతకంటే కష్టంగా తోచింది. కర్ర భార్య చేతికిచ్చి, నడుం పట్టుకుని, భూతద్దాన్ని వెతుక్కుంటూ బయలుదేరాడు.

ఆయన ప్రథమ చికిత్స గుడారంలో దొరికాడు. బొబ్బలెక్కిన రెండు పాదాలూ నీళ్ల తొట్టిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. డ్రైవరుని చూడగానే గబుక్కున లేవబోయి, సగం నీళ్లు ఒలకబోసుకుని, మళ్లీ కూలబడ్డాడు.

"సార్" అన్నాడు డ్రైవరు. తర్వాతి మాట గొంతు దాటేలోగా భూతద్దం రెండు చేతులూ జోడించేశాడు.

"పండక్కి డ్రైవర్లెవరికీ సెలవుల్లేవు, నువ్వు నా కోసమే డ్యూటీ మీద వచ్చావని చూసిన రోజే అర్థమైంది. ఎంత తప్పించుకు తిరిగినా వదల్లేదు. ఒక్కటి మాత్రం చెప్పవయ్యా, కాలు విరిగిందని నేను పెట్టిన సెలవు దొంగదని డిపోలో పసిగట్టింది ఎవరు?"